పేరు చెప్పని ప్రార్థన

పోయిన వారం సలోమిని మనం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉండగా వదిలేసి వచ్చాం. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే తలెత్తి చూసింది. ఆడపడుచు ఏసమ్మ చేతిసంచితో నిలబడి ఉంది. కథ అక్కడ ఆగింది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటల్లో చెప్పేస్తాను. ఏసమ్మ భర్త జార్జి రేపల్లెలో ఒక ప్రైవేటు బడికి బస్సు నడుపుతాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. 2002లో బాప్తిస్మం తీసుకున్నాక నాలుగేళ్లపాటు చుక్క ముట్టలేదు. మొన్న జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం మాత్రం కాలు జారాడు. ఇంటికొచ్చి భార్య ముందు కూర్చుని ఏడ్చాడు. ఏసమ్మ ఆ సంగతిని అన్న భార్య సలోమికి ఒక్కదానికే చెప్పి, ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుంది. సలోమి తెనాలిలో టీచరు, సంఘంలో స్త్రీల ప్రార్థనలకు పెద్ద. చెయ్యి వేసిన పదో రోజున బాపట్ల ఉపవాస కూటంలో, రెండు వందల మంది ఆడవాళ్ళ ముందు, మైకు పట్టుకుని కళ్ళు మూసుకుని ఆవిడ చేసిన ప్రార్థన ఏమిటో పోయిన వారం చూశారు. ఆ కూటంలో వెనక వరసలో ఒక తల్లి కూర్చుని ఉంది. ఆమె పిల్లలిద్దరూ రోజూ జార్జి బస్సులోనే బడికి వెళతారు. సోమవారం పొద్దుటికల్లా జార్జి చేతిలోంచి బస్సు తాళాలు తీసేసుకున్నారు.

ఇవాళ బుధవారం. నాలుగు గంటలకు సలోమి ఇంట్లో కుటీర ప్రార్థన. ముందుగదిలో చాపలు పరిచి ఉన్నాయి. ప్రార్థన అయ్యాక అందరికీ పెట్టడానికి సేమ్యా ఉప్మా తయారవుతోంది. ఉక్కపోత ప్రాణం తీస్తోంది.

"రా ఏసమ్మా, ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగు," అంది సలోమి లేస్తూ.

"నీళ్ళు తాగడానికి రేపల్లె నుంచి పాసింజరెక్కి రాలేదు వదినా."

సంచి గోడకి ఆనించి ఏసమ్మ అక్కడే గడప మీద కూర్చుంది. అరిచి ఉంటే సలోమికి తేలికగా ఉండేది. అరిచినవాళ్ళని ఓదార్చడం ఆవిడకు బాగా వచ్చు. ఏసమ్మ అరవలేదు.

"రెండ్రోజుల్నించి ఆయన ఇంట్లో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. పొద్దున్నే ఏడింటికి బస్సు హారన్ వినపడితే లేచి నిలబడతాడు. మళ్ళీ కూర్చుంటాడు. వీధిలో ఆడవాళ్ళు నన్ను చూసి, 'నీ కోసం ప్రార్థన చేస్తున్నామమ్మా' అంటున్నారు. నేనెవర్నీ అడగలేదే! వీళ్ళకెవరు చెప్పారు వదినా?"

"నేను పేరు చెప్పలేదు ఏసమ్మా."

ఈ మాటను సలోమి సోమవారం నుంచి ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అంట్లు తోముతూ అనుకుంది, బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ అనుకుంది. లోపల అనుకున్నప్పుడు గట్టిగానే ఉన్న మాట, బయటికి వచ్చేసరికి బొత్తిగా బలం లేకుండా పోయింది.

"పేరు చెప్పలేదు. రేపల్లె అన్నావు. పసిపిల్లల్ని బస్సులో ఎక్కించుకెళ్ళే నీ దాసుడు అన్నావు. నాలుగేళ్ల కిందట మానినవాడు మళ్ళీ సీసా పట్టుకున్నాడు ప్రభువా అన్నావు. ఇంక పేరెందుకు వదినా? మా ఇంటి నంబరొక్కటే మిగిలింది."

"నేను భారంతో ప్రార్థన చేశాను. ఏడ్చాను కూడా. నా ఏడుపు అబద్ధమంటావా?"

అబద్ధం కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. సలోమి కళ్ళల్లోంచి వచ్చినవి నిజం నీళ్ళే. జార్జి అంటే ఆవిడకు అభిమానం. అతను మానేసిన ఏడాది క్రిస్మసుకి అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆవిడే. అభిమానం ఉన్నవాళ్ళు చేసే కీడుకి మందు దొరకడం చాలా కష్టమండీ. కోపంతో చేసినవాడికైతే కనీసం తాను చేశానని తెలుస్తుంది.

"అబద్ధమనడం లేదు," అంది ఏసమ్మ. "ఒకటి అడుగుతాను, చెప్పు. నేను నీకు చెప్పిన రోజు నుంచి బాపట్ల కూటం దాకా పది రోజులుంది. ఆ పది రోజుల్లో తలుపేసుకుని, ఎవరూ వినకుండా, మా ఆయన కోసం ఎన్నిసార్లు ప్రార్థన చేశావు?"

సలోమి నోరు తెరిచింది. జవాబు సిద్ధంగా ఉందనుకుంది. వెతుక్కుంటే దొరకలేదు. మొదటి రోజు పడుకోబోయే ముందు ఒకసారి చేసింది, అదీ నిద్రమత్తులో. తర్వాత పరీక్ష పేపర్లు దిద్దడం, నీళ్ళ ట్యాంకర్ కోసం పడిగాపులు, బాపట్ల వెళ్ళేవాళ్ళని పోగుచేయడం. మళ్ళీ జార్జి గుర్తొచ్చింది మైకు చేతికొచ్చాకే.

అది కూడా వెంటనే కాదు. ఇప్పుడు ఉల్లిపాయల ముందు నిలబడి ఆ నిమిషాన్ని తలుచుకుంటే సలోమికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆవిడ మామూలుగానే మొదలుపెట్టింది. రోగుల కోసం చేసింది, విధవరాళ్ళ కోసం చేసింది, దేశం కోసం చేసింది. కళ్ళు సగం తెరిచి చూస్తే ముందు వరసలో ఒకావిడ ఆవులిస్తోంది. చెంగు అడ్డం పెట్టుకుని మరీ ఆవులించింది. ఆ ఆవులింత తర్వాత వచ్చిన మాటే రేపల్లె. ఆ మాట అనగానే హాలంతా కదిలింది. ఎవరో వెక్కారు. ఆవులించినావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రెండు వందల మంది 'ఆమేన్' అన్నారు. సలోమికి ఆ క్షణాన ప్రార్థన పరలోకానికి చేరినట్టే అనిపించింది. రేపల్లెకి చేరిందని సోమవారం తెలిసింది.

ఇది మొదటిసారైనా కాదు. మూడేళ్ల కిందట కొల్లిపరలో ఒక పిల్ల ఇంటర్ తప్పిన సంగతి ఇలాగే ప్రార్థనలో దొర్లింది. కిందటేడు ఒక టీచరమ్మ ఆపరేషన్ సంగతీ అంతే. వాళ్ళిద్దరూ ఆవిడతో మాట్లాడటం మానేశారు. ప్రతి జనవరి ఒకటో తారీకున గుడిలో బైబిలు మాట రాసిన వాగ్దానపు కార్డు తీసుకుని ఇంటికొచ్చి, సలోమి డైరీలో ఒక వాక్యం రాసుకుంటుంది. "ఈ ఏడు నాలుకను అదుపులో పెట్టుకోవాలి." 2003 డైరీలో అదే, 2004లో అదే, 2005లో అదే. ఈ ఏడాది కింద గీత కూడా గీసింది. అంతటితో ఊరుకోలేదు పాపం. పక్కింటి నాగేశ్వరమ్మ గారు సాయంత్రం అరుగు మీదకి పిలిస్తే వెళ్ళడం మానేసింది. ఆవిడ, తనేం తప్పు చేసిందో తెలియక నెల రోజులు బాధపడింది. బడిలో స్టాఫ్ రూములో కూర్చోవడం మానేసింది. వారానికొకరోజు మౌనంగా కూడా ఉంది. ఇంతా చేసి ఏం లాభం? కాపలా అంతా వీధి తలుపు దగ్గర పెట్టింది. దొడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది.

సలోమి కత్తిపీట పక్కకు నెట్టి ఏసమ్మ దగ్గరికొచ్చి కూర్చుంది.

"తప్పయింది ఏసమ్మా. నాదే తప్పు. నేను దీన్ని సరిచేస్తాను. ఇప్పుడు నాలుగింటికి అందరూ వస్తారు కదా. వాళ్ళ ముందు మోకరించి ఒప్పుకుంటాను. నా ఆడపడుచు నమ్మి చెప్పిన మాటను నేను నిలబెట్టుకోలేదు, నా మూలంగా జార్జి అన్నయ్య..."

చెబుతూ ఉండగానే ఆవిడ గొంతు మారింది. అది మైకు ముందు గొంతు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏసమ్మ ఆవిడ ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా అంది.

"వదినా, నీ పాపం ఒప్పుకోవడానికి కూడా మా ఆయన పేరే కావాలా నీకు?"

కళ్ళు తుడుచుకోబోయిన కొంగును సలోమి కిందికి దించింది.

"ఆ రోజు పేరు చెప్పకుండా చెప్పావు. ఇవాళ పేరు పెట్టి చెప్తావు. వాళ్ళందరూ ఏడుస్తారు, సలోమమ్మ గారిది ఎంత తగ్గింపు మనసో అనుకుంటారు. రేపు పొద్దున్న తెనాలంతా తెలుస్తుంది. నీకు మనశ్శాంతి. మాకేంటి?"

ఉప్మా కోసం పెట్టిన ఎసరు పొంగి పొయ్యి మీద పడితే, సలోమి లేచి వెళ్ళి మంట తగ్గించింది. తప్పు చేస్తే ఒక బాధ. ఒప్పుకుందామంటే అదీ తప్పైతే ఇక మనిషి ఎటు తిరగాలి? ఆవిడకు ఏసమ్మ మీద కోపమొచ్చింది. ఏసమ్మ మాట నిజమైనందుకు ఇంకా కోపమొచ్చింది.

నాలుగింటికి పన్నెండు మంది వచ్చారు. ఏసమ్మ వెళ్ళిపోతుందనుకుంటే, వచ్చి తలుపు పక్కన చాప అంచున కూర్చుంది. ఆవిడది రేపల్లె అని వచ్చినవాళ్ళకు తెలియదు. చూడటానికే కూర్చుందని సలోమికి తెలుసు. పాట అయింది. కరుణమ్మ గొంతు సవరించుకుంది. ఈవిడ వీధి చివర ఇస్త్రీ బడ్డీ నడుపుతుంది, ప్రార్థన అంటే చెవి కోసుకుంటుంది.

"మొన్న బాపట్లలో మీరు ప్రార్థన చేస్తుంటే నా ఒళ్ళు జలదరించిందమ్మా. ఆ రేపల్లె తమ్ముడి కోసం ఇవాళ కూడా భారంగా చెయ్యండి. ఆయన పేరేంటో చెబితే మేము కూడా ఇంటి దగ్గర ప్రార్థనలో ఎత్తిపట్టుకుంటాం కదా."

పన్నెండు ముఖాలు సలోమి వైపు తిరిగాయి. పదమూడోది ఏసమ్మది. సలోమి నాలుక మీదికి మాటలు వాటంతటవే వచ్చి నిలబడ్డాయి. ఎంత చక్కటి మాటలు! ఒక్కటి వదిలితే చాలు, గది మొత్తం తడిసిపోతుంది.

"ఇవాళ ఎవరికి వాళ్ళం మౌనంగా చేసుకుందాం," అంది.

"మౌనంగానా?" అంది కరుణమ్మ.

"అవునమ్మా."

అందరూ కళ్ళు మూసుకున్నారు. గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. నాగేశ్వరమ్మ గారింట్లో కుక్కర్ రెండుసార్లు కూసింది. ఒకావిడ దగ్గింది, ఇంకొకావిడ గాజులు సర్దుకుంది. స్టేషన్ వైపు నుంచి ఏదో రైలు ఆగకుండా వెళ్ళిపోయింది. సలోమి ప్రార్థన చేయాలనే ప్రయత్నించింది. వినేవాళ్ళు లేకపోయేసరికి ఏం చెప్పాలో తోచలేదు. ఇరవై ఏళ్లుగా ప్రార్థన చేస్తున్న మనిషికి దేవుడితో ఒంటరిగా మాట్లాడాలంటే మాట దొరకలేదు. ఆ సంగతి తెలిసి ఆవిడకు భయం వేసింది.

ఐదు నిమిషాలకే ఎవరో 'ఆమేన్' అనేశారు. ఉప్మా తిన్నారు, టీ తాగారు. వెళ్తూ వెళ్తూ కరుణమ్మ, "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడిగింది. గుమ్మం దాటాక పక్కావిడతో, "ఇవాళ అంత ఆత్మ కదల్లేదు," అనడం సలోమికి స్పష్టంగా వినపడింది. వెనక్కి పిలిచి, ఎందుకు కదల్లేదో అన్నీ వివరంగా చెప్పాలన్నంత కోపం వచ్చింది. గడప పట్టుకుని నిలబడింది. చెడ్డ అలవాటు ఒక పూట మానితే లోపల ఏదో వెలుగు వస్తుందని ఆవిడ అనుకుంది. ఏమీ రాలేదు. చప్పగా, చిరాగ్గా ఉంది.

ఐదున్నరకు ఎజ్రా సైకిలు స్టాండు వేశాడు. సలోమి భర్త, ఏసమ్మ అన్న. రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తా, సంఘంలో పెద్ద. మనిషి మాట ఎంత పొదుపో చెప్పనవసరం లేదు. భార్య ఖర్చుపెట్టే మాటలన్నీ ఆయన దాచుకున్నవే అని సంఘంలో వాళ్ళు నవ్వుకుంటారు. ఇవాళ చెల్లెల్ని చూసి కూడా ముందు ఏమీ అనలేదు. ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"జార్జి వాళ్ళ బడి కరస్పాండెంట్ వేదవ్యాస్ గారు ఆఫీసుకి ఫోన్ చేశారు," అన్నాడు.

ఏసమ్మ గబుక్కున లేచింది. "ఏమన్నారన్నయ్యా?"

"పుకార్లు విని మనిషిని తీసేయడం నాకిష్టం లేదన్నారు. అలాగని పిల్లల తల్లులకు జవాబు చెప్పకుండా ఉండలేనన్నారు. ఆ మాట ఎవరి నోట వచ్చిందో ఆవిడనే అడుగుతాను, ప్రార్థనలో అబద్ధం చెప్పరు కదా అన్నారు." ఎజ్రా భార్య వైపు చూశాడు. "శనివారం పది గంటలకు నిన్ను రేపల్లె రమ్మన్నారు. నువ్వు చెప్పింది వాళ్ళ డ్రైవర్ గురించో కాదో, ఒక్క మాట చెబితే చాలంట."

ఇందులో వేదవ్యాస్ గారిని అనడానికేమీ లేదు. ఆ తల్లినీ అనలేం. పిల్లల్ని బస్సెక్కించేవాళ్ళకు ఆ భయం ఉంటుంది మరి.

"కాదని చెప్పు వదినా," అంది ఏసమ్మ. "ఆయన బస్సు తోలుతూ ఏనాడూ తాగలేదు. పాత రోజుల్లో కూడా తాగలేదు. కాదని ఒక్క మాట చెప్పు. తాళాలిచ్చేస్తారు."

"ఎలా చెప్తుందే?" అన్నాడు ఎజ్రా. "దేవుడి ముందు ఔనని, మనిషి ముందు కాదని ఎలా చెప్తుంది?"

"మైకు ముందు నిజం చెప్పడానికి తొందరపడింది కదన్నయ్యా. ఇప్పుడు అబద్ధానికి అంత ఆలోచనేంటి?"

ఎజ్రా లేచి, పాలు తెస్తానని గిన్నె పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. మగవాళ్ళకు ఇలాంటప్పుడు పాలు గుర్తుకొస్తాయి. ఏసమ్మ దొడ్లోకి పోయి, ఉప్మా తిన్న పళ్ళాలన్నీ ముందేసుకుని చప్పుడు చేస్తూ తోమడం మొదలుపెట్టింది.

అప్పుడు ముందుగదిలో ఫోన్ మోగింది.

"చెల్లెమ్మా, నేను జార్జిని. పక్కన ఏసమ్మ ఉందా?"

వెనక బస్సుల రొద వినపడుతోంది. బస్టాండు దగ్గర బూత్ నుంచి మాట్లాడుతున్నాడు.

"దొడ్లో ఉందన్నయ్యా. పిలుస్తాను."

"వద్దొద్దు. నీతోనే మాట్లాడాలి."

సలోమికి ఏడుపొచ్చింది. "అన్నయ్యా, నేను..."

"ఏడవకు చెల్లెమ్మా. నాణేలు అయిపోతాయి." అతను కొంచెం నవ్వాడు, నిజంగానే నవ్వాడు. "నీ మీద కోపం లేదని చెప్పను. ఉంది. రెండ్రోజులు చాలా తిట్టుకున్నాను. తర్వాత ఒకటి తట్టింది. సాయంత్రమయ్యేసరికి నాకు చేతులు ఎట్టా లాగుతాయో, జనం కనపడితే నీకు నోరు అట్టా లాగుద్దేమో అనిపించింది."

సలోమి ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"నేను నాలుగేళ్లు ఎట్టా మానేనో తెలుసా? పెద్ద విశ్వాసంతో కాదు. మా బడి నుంచైనా, గుడి నుంచైనా ఇంటికి దగ్గర దారి ఒక సందుంది. ఆ సందులోనే కొట్టు. నేను ఆ సందులోంచి వెళ్ళను. స్టేషన్ రోడ్డంతా చుట్టు తిరిగి వెళ్తాను. ఆ ఆదివారం ఏమైందంటే, నాకింక ఫర్లేదని ధైర్యమొచ్చింది. సందులోంచే పోయాను. అంతే. ఇప్పుడు నాకు తెలిసింది, నాకు జీవితాంతం ఫర్లేదనేది ఉండదు. చుట్టే తిరగాలి. నీ సందేదో నువ్వు చూసుకో చెల్లెమ్మా."

దొడ్లో పళ్ళాల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఇప్పుడసలు సంగతి విను," అన్నాడు జార్జి గొంతు తగ్గించి. "నిన్ను రమ్మన్న సంగతి నాకూ తెలిసింది. నువ్వు శనివారం ఔననీ చెప్పొద్దు, కాదనీ చెప్పొద్దు. నీకా బాధ అక్కర్లేదు. రేపు పొద్దున్నే నేనే వెళ్ళి వేదవ్యాస్ గారికి అంతా చెప్పేస్తాను. తాగిన రోజు, తాగింది ఎంత, అన్నీ. ఉంచితే ఉంచుతారు, లేకపోతే లేదు. ఏసమ్మకు మాత్రం చెప్పకు. తెలిస్తే మొదటి బస్సుకే వచ్చి నా కాళ్ళకి అడ్డం పడుద్ది. నేను ఆగిపోతాను. ఈసారి ఆగితే మళ్ళీ ఆ సందులోకే పోతాను, నాకు తెలుసు. ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళకపోతే భయమేసి నీకు చేశాను. రేపు మధ్యాహ్నం దాకా, అంతే. చెప్పకుండా ఉంటావా?"

"ఉంటానన్నయ్యా," అంది సలోమి.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే తడి చేతులతో ఏసమ్మ గుమ్మంలో ఉంది.

"ఎవరొదినా? మా ఆయనేనా?"

ఔనంటే అన్నీ అడుగుతుంది. కాదంటే అబద్ధం. ఇరవై ఏళ్ల అలవాటు, ఆవిడ ఆలోచించుకునే లోపే, ఎప్పుడూ తప్పించుకునే దారిలోకే లాక్కుపోయింది.

"రా ఏసమ్మా, ప్రార్థన చేసుకుందాం," అంది.

అన్నాక తెలిసింది తన సందేదో. అప్పటికే దాని మొదట్లో నిలబడి ఉంది.

వచ్చినప్పటి నుంచి బిగబట్టుకున్న ఏసమ్మ ముఖం ఒక్కసారి కరిగిపోయింది. చేతులు చీరకు తుడుచుకుని, చాప మీద మోకరించి, చిన్నపిల్లలా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"చెయ్యి వదినా," అంది వెక్కుతూ. "ఇప్పుడు నేను తప్ప వినేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన గురించి నీ మనసులో ఏముందో, ఒక్కటి కూడా దాచకుండా పైకి చెయ్యి."

సలోమి పక్కన మోకరించింది. నోరు తెరిచింది.